ఎడమకే తిరిగిన బొంగరం

చెప్పాలి. వ్యాను వీధి మలుపు తిరగకముందే చెప్పేయాలనుకుంది అక్క. వీధి మలుపు తిరిగింది, మందుల షాపు దాటింది, మొదటి సిగ్నలూ దాటింది, నోరు మాత్రం పెగల్లేదు. తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు. పదింటికి రాష్ట్ర జట్టు ఎంపిక మొదలు. ఉన్నదల్లా ఈ గంట, అందులో సగాన్ని ట్రాఫిక్కు మింగేసేట్టుంది, మిగిలిన సగాన్ని తన పిరికితనం మింగకుండా ఉంటే చాలు. పిరికితనం అనే మాట తన మీద తనే వేసుకున్నందుకు ఆమెకి ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా స్టీలు గార్డులు ఢీకొనే ఆట ఆడిన మనిషి, ఎదుటి కుర్చీ దూసుకొస్తుంటే రెప్ప వాల్చని మనిషి, పదమూడేళ్ల పిల్లతో నాలుగు మాటలు చెప్పడానికి గుటకలు మింగుతోంది. తన చక్రాల కుర్చీ కదలకుండా నాలుగు మూలలా నాలుగు పట్టీలు బిగించి వ్యాను నేలకి కట్టేశాడు తమ్ముడు. ఎడమ పక్కన, జానెడు దూరంలో, తలుపు వైపు ఇంకో కుర్చీ, దానికీ నాలుగు పట్టీలు, అందులో బొంగరం. పారిపోదామన్నా దారి లేదు ఇద్దరికీ.

బొంగరం అన్నది జట్టు పెట్టిన పేరు. అసలు పేరు బడి రిజిస్టర్లో, ఆసుపత్రి కాగితాల్లో ఉంది, అక్కడే ఉండనీ. ఆ పిల్ల కుర్చీని గిర్రున తిప్పి బంతిని కొడితే గోల్‌కీపరు తల తిప్పేలోగా బంతి గోల్లో ఉంటుంది. కాళ్లు కదలనివాళ్లు, చేతులు కూడా సగమే సాగేవాళ్లు, మోటారు కుర్చీల్లో కూర్చుని ఆడే ఫుట్‌బాల్ ఇది. జట్టుకి నలుగురు, మామూలు బంతికంటే పెద్ద బంతి, పాదాల ముందు స్టీలు గార్డు, అరచేతి కింద బొటనవేలంత జాయ్‌స్టిక్. తన్నడానికి కాళ్లు రావు గనక కుర్చీయే తన్నాలి. బంతి పక్కకి చేరి ఉన్నచోటే గిర్రున తిరిగితే గార్డు అంచు వచ్చి బంతికి తగులుతుంది. ఆ తిరగడంలోనే ఉంది ఆటంతా. కొత్తగా చూసేవాళ్లు మొదటి నిమిషం అయ్యో పాపం అంటారు, రెండో నిమిషం నోరు తెరుస్తారు, పదో నిమిషానికి రిఫరీని తిడతారు. జనం చేత రిఫరీని తిట్టించిన రోజే మనది ఆట అయినట్టు, అని అక్క పిల్లలకి చెబుతుంటుంది. తమ్ముడికి అక్క గనక జట్టంతటికీ అక్కే, పిల్లల తల్లులకీ అక్కే, ఆఖరికి కోపం వస్తే సొంత తల్లి కూడా అక్కగారూ అని పిలుస్తుంది.

ముందు సీట్లో బొంగరం తల్లి కునుకు తీస్తోంది. దర్జీ. తెల్లారకముందే లేచి ఎవరివో పెళ్లి బట్టలకి అంచులు కుట్టి ఇస్త్రీ చేసి అప్పగించి వచ్చింది, ఒళ్లో సంచి, సంచిలో తువ్వాలు, నీళ్లు, వయసు కాగితాలు, ఎందుకైనా మంచిదని సూదీ దారం. బిడ్డ కుర్చీకి వీపు దిండు ఆవిడే కుట్టింది, కొలత తీసి, పక్కటెముక ఒరుసుకునే చోట రెండు పొరలు ఎక్కువ పెట్టి. ఇందాక వ్యానెక్కేటప్పుడు అక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లనిండా నీళ్లతో, అంతా మీ చేతి చలవేనండీ అంది. సరిగ్గా ఆ చెయ్యే పట్టుకుంది. కుడిచెయ్యి. ఆ మాట అక్కకి చెంప మీద కొట్టినట్టే తగిలింది, అయినా నవ్వింది, నవ్వకపోతే ఎలా. చేతి చలవ! ఆ చెయ్యి ఏం చేసిందో నిన్న సాయంత్రం దాకా తనకే పూర్తిగా తెలియలేదు, లేదా తెలిసీ తెలియనట్టు ఉండిపోయింది, ఏది నిజమో తేల్చుకోవాలి, అది తేలాకే చెప్పాలి, అదిగో మళ్లీ వాయిదా.

నిన్న సాయంత్రం ఫోన్. అవతలి జట్టుకి ఆట నేర్పే డ్రిల్లు మాస్టారు. బళ్లో రిటైరయ్యి ఖాళీగా కూర్చోలేక మనవడి కోసం ఈ ఆటలోకి వచ్చిన పెద్దమనిషి, ఎవరినీ నొప్పించని మనిషి. చాలాసేపు వాతావరణం గురించీ, తన మోకాళ్ల గురించీ మాట్లాడి, ఆఖర్న గొంతు సవరించుకున్నాడు.

"తప్పుగా అనుకోకమ్మా. మీ పిల్లకి కుడివైపు ఏమన్నా ఇబ్బందా? డాక్టరుకి చూపించారా?"

లేదే, ఎందుకలా అడిగారంది అక్క. కుడికి తిరగదు గదా అందుకని, అన్నాడాయన. మా పిల్లలు ఎప్పుడో పసిగట్టారమ్మా, రేపు ఎడమ మూసేసి నిలబడతారు, వద్దనడానికి నాకు నోరు రాదు, వాళ్లకీ ఎంపికే కదా, ముందుగా ఓ మాట నీ చెవిన వేద్దామని. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. నా పిల్లకి ఇబ్బందేమిటి, ఈ ముసలాయనకి నా పిల్లని చూసి కుళ్లు, ఎంపిక ముందు నా మనసు చెడగొట్టడానికి చేశాడు ఫోను, అనుకుని, అంత కోపంలోనూ పొడిగా థాంక్సండీ అని పెట్టేసింది. పెట్టేసి, ఒరేయ్ ఆ వీడియోలు పెట్టరా అని తమ్ముణ్ణి కేకేసింది. ఆరు నెలల వీడియోలు. నలభై ఒక్క గోల్సు. మొదటిది ఎడమకి తిరిగి కొట్టింది. రెండోది ఎడమ. పదోది ఎడమ. ఇరవై మూడో గోలు దగ్గర బంతి కుడి పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉంది, కుడికి పావు చుట్టు చుడితే సరిపోయేదానికి ఆ పిల్ల ఎడమకి ముప్పావు చుట్టు చుట్టి వచ్చి మరీ కొట్టింది. ఆ రోజు హాలంతా చప్పట్లు. తనూ కొట్టించింది చప్పట్లు. ఒక్కటంటే ఒక్కటి కుడికి లేదు. తమ్ముడు తల గోక్కుంటూ తర్వాతి వీడియో పెట్టాడు. అప్పుడు అక్క కళ్లు తెరలోని పిల్ల మీంచి తన ఒళ్లోని చేతి మీదికి దిగాయి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా.

చెయ్యి ఇప్పుడూ ఒళ్లోనే ఉంది, జాయ్‌స్టిక్ పక్కన, బుద్ధిగా. లోపలికి వంగమంటే వంగుతుంది, అంటే ఎడమకి నెట్టగలదు. ముందుకీ నెట్టగలదు, కాస్త బరువు వేస్తే. బయటికి, కుడికి, ఊహూ. మణికట్టు వెనకాల ఉండే కండ ముందు పోతుందని చెప్పాడు డాక్టరు, ఏడేళ్లయింది, ఆ రోజు నీలం చొక్కా వేసుకున్నాడు, జేబు మీద సిరా మరక. మీ జబ్బులో ఇదొక వరస, ఆశ్చర్యం లేదు అన్నాడు. అతనికి లేదు ఆశ్చర్యం. అక్క మాత్రం ఇంటికొచ్చి నెల రోజులు ఎవరూ చూడకుండా కుడికి నెట్టి చూసింది, దంతాలు బిగించి, వేలు వేలుగా, అది రాక, రాక, ఒక రోజు విసుగొచ్చి ఎడమకి ముప్పావు చుట్టు తిరిగి కుడికి చేరుకుంది. ఓస్, ఇంతేనా, దారి దొరికిందనుకుంది. అప్పట్నించీ ఆమె ఆట అదే. తిరుగుడు పొడుగయింది గనక వేగం పెరిగింది, వేగం పెరిగింది గనక దెబ్బ గట్టిదయింది, చూసినవాళ్లు అక్క స్టైలే వేరన్నారు, జబ్బుకి స్టైలని పేరొచ్చింది, ఆవిడ కాదనలేదు. ఎందుకంటుంది. లోకమంతా లోటుకి లోటనే పేరు పెట్టే చోట, ఒక్క లోటుకైనా మంచి పేరు వస్తే ఎవరు వద్దంటారు.

"అత్తా, పదకొండు" అంది బొంగరం. పక్కన ఇంకెవరున్నారో అని అక్క ఉలిక్కిపడింది. అత్త కాదు అక్కా అని నాలిక్కరుచుకుంది పిల్ల, కిటికీలోంచి కళ్లు తీయకుండా. బట్టతలలు లెక్కపెడుతోంది. స్కూటర్ల మీద పోయేవాళ్లలో హెల్మెట్ లేని బట్టతలలు. ఇరవై దాటితే ఎంపికవుతానని పందెం, పందెం ఎవరితో అంటే తనతోనే. డ్రైవరు సీట్లోంచి తమ్ముడు, నా తలని కూడా కలుపుకోమ్మా ఇంకో రెండేళ్లలో అదీ చేరుతుంది అన్నాడు. రెండేళ్లకి చేరేదాన్ని ఇప్పుడే కలపడం తొండి అంది బొంగరం. రెండేళ్లు అన్న మాట అక్క చెవిలో గుచ్చుకుంది.

మళ్లీ ఎంపికంటే రెండేళ్లకే. మామూలు పిల్లలకి రెండేళ్లంటే రెండు తరగతులు. మాకలా కాదు. మా రెండేళ్లలో ఒక వేలు పోవచ్చు, ఒక మెడ వాలిపోవచ్చు, నిన్న గిన్నె పట్టుకున్న చెయ్యి రేపు చెంచా కూడా పట్టకపోవచ్చు. ఇరవై ఏడో ఏట అక్కని పక్కన పెట్టారు, ఈసారికి ఇంకొకరిని చూద్దాం, వచ్చేసారి మీరు ఎటూ ఉన్నారు కదా అన్నారు, ఎంత మర్యాదగా అన్నారో. వచ్చేసారికి ఆవిడ ఉంది, చెయ్యే లేదు. ఆ మర్యాద మాట చెప్పినాయన ఇవాళ కూడా అక్కడ బల్ల వెనక కూర్చుంటాడు, చేతిలో కాగితం, ముక్కు మీద కళ్లద్దాలు. బొంగరం ఎడమకి మూడు సార్లు పోయి, మూడు సార్లూ మూసిన తలుపుకి గుద్దుకున్నట్టు అవతలి పిల్లల కుర్చీలకి గుద్దుకుంటే, ఆయన అదే మర్యాదతో అదే మాట రాస్తాడు. వచ్చేసారి. అలా రాయనివ్వను. ఏమైనా సరే రాయనివ్వను. అంటే చెప్పాలి. అంటే ఇప్పుడే చెప్పాలి.

కానీ పరీక్ష రోజున కొత్త పాఠం చెబుతారా ఎవరైనా? పిల్ల ఉత్సాహంగా ఉంది, బట్టతలలు లెక్కపెట్టుకుంటోంది, ఇప్పుడు వెళ్లి, ఇదిగో నువ్వు మూడేళ్లుగా నేర్చుకున్నది ఆట కాదు, నా రోగం అంటే, ఆ చెయ్యి వణకదా? వణికితే ఎడమా పోతుంది, కుడీ పోతుంది, రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఎంపిక అయ్యాక మెల్లిగా చెబితే? అయ్యాక చెప్పడం అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా. కుంటిసాకులు చెప్పకండర్రా అని పిల్లలని గదమాయించేది తనే, ఆ మాట ఇంకొకరి నోట్లోంచి వస్తే మాత్రం కొరకొరా చూసేదీ తనే, ఇప్పుడు వరసగా సాకులు పేర్చుకుంటున్నదీ తనే. సిగ్గుండాలి.

బస్సొకటి అడ్డం వచ్చింది. తమ్ముడు బ్రేకు వేశాడు, పట్టీలు కిర్రుమన్నాయి, బొంగరం తల్లి కళ్లు తెరిచి వచ్చేశామా అని అడిగి లేదని తెలిసి మళ్లీ మూసింది. బొంగరాన్ని మొదట చూసినప్పుడు కూడా ఈ తల్లి ఇలాగే కునుకుతోంది, వ్యాయామం చేయించే ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద. కొత్త మోటారు కుర్చీ, పదేళ్ల పిల్ల, ఖాళీ నీళ్ల సీసా ఒకటి నేల మీద పెట్టుకుని దాన్ని పాదాల పలకతో తోస్తూ వరండా ఈ కొసనించి ఆ కొసకి, ఆ కొసనించి ఈ కొసకి. నర్సు అరిచింది, ఊడ్చే ఆవిడ అరిచింది, పిల్లకి వినపడితేగా. అక్క తన చేతి పరీక్ష కోసం కూర్చుని ఉంది, లోపలినించి పిలిచారు, వెళ్లలేదు. మూడో సారి సీసా తన ముందుకొచ్చినప్పుడు చక్రం అడ్డం పెట్టింది. పిల్ల ఆగి చూసింది, తల వంచి, కోపంగా, అడ్డు తియ్యండి అంది. దయచేసి అని అనలేదు. అప్పుడే అనుకుంది, ఇది నా పిల్ల అని.

కూడలి దగ్గర వ్యాను కుడికి తిరిగింది. ఒళ్లంతా ఎడమకి ఒరిగింది, పక్క దన్ను భుజానికి ఒత్తుకుంది, చెయ్యి ఒళ్లోంచి జారబోతే ఎడమచేత్తో ఆపుకుంది, ఆ ఒరగడంలో, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ, అది పైకొచ్చింది. ఠంగ్. ఆ చప్పుడు. హాలు చివర ఆటసామాను పెట్టే ఇనప బీరువా, దానికి బంతి తగిలిన చప్పుడు. బొంగరం వచ్చిన మొదటి వారం, ఇంకా ఆ పేరు కూడా రాలేదు, నేల మీద అంటించిన టేపు గీతలు కొత్తవి, గేట్లు చేసే వెల్డింగు షాపతను ఆ పిల్ల కొలతకి గార్డు చేసి తెచ్చిన రోజే. బంతి కుడి పక్కన ఉంది. ఎవరూ ఏమీ చెప్పకముందే పిల్ల జాయ్‌స్టిక్‌ని అలా, వేలితో ఊరికే పక్కకి అన్నట్టు, కుడికి నెట్టింది. కుర్చీ పావు చుట్టు తిరిగింది, బంతి తిన్నగా పోయి బీరువాకి తగిలింది, ఠంగుమంది, పిల్లలంతా హోరుమన్నారు. అక్క ఏమంది? అక్క, అలా కాదు, అంది. అలా కొడితే బంతి జారిపోతుంది, ఇలా తిరగాలి చూడు, అని ఎడమకి ముప్పావు చుట్టు తిరిగి చూపించింది. జారిపోవడమేమిటి, బంతి జారలేదు, బీరువా సొట్ట ఇప్పటికీ ఉంది సాక్ష్యానికి.

ఎందుకు అంది? ఇదే తేల్చుకోవాల్సింది. తెలియక అందా? తెలియక అయితే ఎంత బాగుండును. ఆ పిల్ల చెయ్యి అంత తేలిగ్గా కుడికి పోవడం చూసి ఒక్క క్షణం ఓర్వలేకపోయింది. తను నెల రోజులు తలుపులేసుకుని ఏడ్చినా రానిది ఆ పిల్లకి అడగకుండానే ఉంది. దాన్ని ఈర్ష్య అంటారు. పదేళ్ల పిల్ల మీద. వెధవ ఈర్ష్య ఒక్క క్షణమే ఉంది, తర్వాత పోయింది, తర్వాత మూడేళ్లూ ఆ పిల్ల కోసం ప్రాణం పెట్టింది, అది అబద్ధం కాదు. కానీ ఆ క్షణంలో నోటినించి వచ్చిన మాట మాత్రం పోలేదు, పిల్ల దాన్ని పట్టుకుని మూడేళ్లు తిరిగింది. బొంగరం తాడు ఎటు చుడితే అటే తిరుగుతుంది. చుట్టింది ఎవరు? తనే.

తొమ్మిదిన్నర దాటి ఐదు నిమిషాలు. తేలిందిగా. ఇంకేం కావాలి.

"బొంగరం, ఇటు చూడు."

"పద్నాలుగు" అంటూ తిరిగింది పిల్ల.

"నీకు ఎడమకే తిరగడం ఎందుకు నేర్పానో తెలుసా?"

"అలా అయితే దెబ్బ గట్టిగా తగులుతుందని."

"కాదు. నా చెయ్యి కుడికి పోదు. ఏడేళ్లయింది. నాకు చేతగానిది ఆటలోనే లేదన్నట్టు నేర్పాను."

తమ్ముడు అద్దంలోంచి ఒక్కసారి చూసి కళ్లు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. అక్క ఆగలేదు, ఆగితే మళ్లీ సాకులొస్తాయని భయం. మాస్టారి ఫోను సంగతి చెప్పింది, వీడియోల సంగతి చెప్పింది, అవతలి పిల్లలు ఇవాళ ఎడమ మూసేస్తారని చెప్పింది. బీరువా సంగతి కూడా చెప్పింది. ఆ రోజు నువ్వు కొట్టిందే సరి, నేనన్నదే తప్పు, నీ చెయ్యి చూసి నాకు కుళ్లు పుట్టింది, అందుకే అన్నాను, అని ఉన్నదున్నట్టు చెప్పింది. ముందు సీట్లో దర్జీ తల్లి కళ్లు తెరిచే ఉంది, ఎప్పట్నించి తెరిచి ఉందో. ఆవిడ వెనక్కి తిరగలేదు, ఒళ్లో సంచి మాత్రం గట్టిగా పట్టుకుంది.

పిల్ల తన చెయ్యి కేసి చూసుకుంది. కోపం వస్తే రానీ అనుకుంది అక్క. రావాలి కూడా. ఇంటికి తీసుకుపోండి అంటే? అనదు. ఇది నా పిల్ల, అడ్డు తియ్యమంటుంది గానీ ఇంటికి పోదామనదు. ఒకవేళ ఏడిస్తే? ఏడిస్తే ఈ పట్టీలు విప్పుకుని దగ్గరికి తీసుకోవడానికి కూడా లేదు, జానెడు దూరం జానెడే ఉంటుంది.

"నాకు గుర్తుంది" అంది బొంగరం చివరికి. "బీరువా. ఆ రోజు ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను, కుడికి కొట్టడం తప్పంట అని."

"తప్పు కాదు."

"మరి మూడేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

పిల్ల కిటికీ వైపు తిరిగింది. లెక్క మానేసింది. ఒక బట్టతల పోయింది, ఇంకొకటి పోయింది, ఎవరూ లెక్కపెట్టలేదు. కాసేపటికి, అటే చూస్తూ, ఇవాళ మర్చిపోయి ఎడమకే తిరిగితే ఎలా, వేలికి అదే అలవాటయింది కదా అంది. గొంతులో కోపం ఉంది, భయమూ ఉంది, కానీ అడుగుతున్నది ఆట గురించే, అంతవరకూ నయం. చేసి చూపించడం అక్క వల్ల కాదు, ఆ పాఠానికి తనే ఫెయిలు. నేర్పేవాళ్లకి రానిది నేర్చుకునేవాళ్లకి ఎలా వస్తుందో ఏ డ్రిల్లు మాస్టారి పుస్తకంలోనూ ఉండదు. తిరుగు, జారితే మళ్లీ తిరుగు, ఆటకి ముందు పది నిమిషాలు హాలు మనకిస్తారు, పది నిమిషాలూ కుడికే, అని మాత్రం చెప్పింది.

క్రీడామందిరం కనబడింది. ప్రహరీ పొడుగునా బండ్లే. తమ్ముడు ఒక చుట్టు తిప్పాడు, రెండో చుట్టు తిప్పాడు, పెదవి కొరుక్కున్నాడు. ఖాళీ ఒకటుంది గానీ వాడే వ్యానుని అటు పోనివ్వడం లేదు. అక్కడ పెట్టరా టైమవుతోంది అంది అక్క. అక్కడైతే ఏటవాలు పలక దించాక దారి కుడికి ఉంటుంది అక్కా, ఇంకో చోటు చూస్తానుండు, అన్నాడు వాడు, అని, అన్నందుకు తనే నొచ్చుకున్నాడు. అక్కకి అప్పుడు తట్టింది. ఏడేళ్లుగా ఈ వ్యాను ఎక్కడ ఆగినా దిగంగానే దారి ఎడమకే. ఒక్క రోజు కూడా ఎందుకని అనుకోలేదు. ఇంట్లో మంచినీళ్లు ఎడమ, దీపం స్విచ్చి ఎడమ, మంచం ఎడమ గోడకి, తలుపు తీసేది ఎడమకి. అమ్మ, తమ్ముడు, ఎప్పుడు మాట్లాడుకున్నారో, ఎలా మాట్లాడుకున్నారో, ఇల్లంతా, వీధులన్నీ ఆవిడ చుట్టూ ఎడమకి తిప్పి పెట్టారు. నోరు విప్పి ఒక్కరూ చెప్పలేదు. ప్రేమే. ఆ ప్రేమనే తను పిల్లకి పాఠంగా చెప్పింది. అక్కకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెంటికీ ఇప్పుడు తీరిక లేదు.

"అక్కడే పెట్టు" అంది.

తమ్ముడు వ్యాను ఆపి, పక్క తలుపు లాగి, ఏటవాలు పలక దించాడు. ఎదురుగా ప్రహరీ, ఎడమకి చెత్త డబ్బాలు, కుడికి గేటు. బొంగరం పట్టీలు ముందు విప్పాడు, తలుపు వైపు ఉన్నది అదే గనక. ఇన్నేళ్లూ ఆ పిల్లని తల్లి వేరే బండిలో తెచ్చేది, అక్క వచ్చేసరికి హాల్లో ఉండేది, వీధిలో ఆ పిల్ల ఎలా తిరుగుతుందో అక్క ఎన్నడూ చూడనేలేదు. పిల్ల పలక మీదుగా దిగింది. కింద చక్రాలు సిమెంటు తాకాయి. గేటు ఎటుందో ఒకసారి చూసింది, వేలు కదిలింది, కుర్చీ కుడికి తిరిగిపోయింది, వెతుక్కోకుండా, ఆలోచించకుండా, రోజూ వంటింట్లోంచి వసారాలోకి తిరిగినట్టు.

"ఆగు" అంది అక్క. పిల్ల ఆగింది. "ఇప్పుడు ఎటు తిరిగావు?"

బొంగరం చక్రాల వంక చూసింది, గేటు వంక చూసింది, చేతి వంక చూసుకుంది. మూడేళ్లలో మొదటిసారి అక్కని ఎగాదిగా చూసింది, పెద్దవాళ్లు చిన్నవాళ్లని చూసినట్టు.

"ఇది ఆట కాదుగా" అంది.

"ఇదే ఆట. లోపలికి పో, టైమవుతోంది. నా కోసం ఆగకు."

తల్లి సంచి పట్టుకుని పిల్ల వెనకాల పరిగెత్తింది, రెండడుగులు వేసి ఆగి, వెనక్కొచ్చి, పలకెక్కి, అక్క భుజం మీద చున్నీ సర్ది మళ్లీ పరిగెత్తింది. అక్క కుర్చీ పట్టీలు విప్పి తమ్ముడు పలక మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. దిగింది. ఎదురుగా ప్రహరీ. కుడికి గేటు. తమ్ముడి చెయ్యి జాయ్‌స్టిక్ మీదికి రాబోయి, ఆమె చూపు చూసి వెనక్కి పోయింది. కుడికి ఒకసారి నెట్టి చూసింది, ఏడేళ్ల తర్వాత. రాలేదు. రాదని తెలుసు, అయినా తనూ ఒకసారి నెట్టకుండా పిల్లకి ఎలా చెబుతుంది. అప్పుడు ఎడమకి తిప్పింది. చెత్త డబ్బాలు వచ్చాయి, వ్యాను వచ్చింది, తమ్ముడి మోకాళ్లు వచ్చాయి, ముప్పావు చుట్టు అయ్యేసరికి గేటు వచ్చింది. గేట్లో పిల్ల లేదు. ఆగలేదు. తలుపు దగ్గర కూడా లేదు, లోపలికి పోయింది.

గేటు సగం దాటేసరికి లోపలినించి బంతి చప్పుడు వినబడింది. మెత్తగా, చప్పగా. గార్డు అంచుకి సరిగ్గా తగల్లేదు, జారింది, పదిహేనేళ్లుగా వింటున్న చెవి అది, మోసపోదు. ఎడమకి కొడితే ఆ పిల్ల బంతి ఎన్నడూ జారలేదు. మళ్లీ ఒక చప్పుడు. అదీ జారిందే. అక్క చేతి మీద బరువంతా వేసి జాయ్‌స్టిక్ ముందుకి నెట్టింది.

"మళ్లీ కొట్టు" అంది, వినడానికి పక్కన తమ్ముడు తప్ప ఎవరూ లేకపోయినా.